కంటికొలత పడవ

వీధిలో ఆయన్ని అందరూ కంటికొలతాయన అంటారు. ముప్పై ఏళ్లుగా తలుపులూ కిటికీలూ చేస్తున్నా టేపు తీసింది తక్కువ. ఒక కన్ను మూసి చూశాడంటే చెక్క దారికి రావాల్సిందే. ఆ గర్వమే చివరికి కొంప ముంచబోయింది.

పెరట్లో రేకుల షెడ్డు కింద పదడుగుల పడవ మొదలుపెట్టాడు. ప్లైవుడ్ పలకలు వంచి అతికి, పైన ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి రెజిన్ అనే జిగురు పూయాలి. అందులో గట్టిపడేందుకు మందు లెక్కగా కలపకపోతే ఎన్నాళ్లయినా ఆరదు. మందుల షాపులో పనిచేసే భార్య కొలిచేందుకు సిరంజి తెచ్చిచ్చింది. పసిపిల్లకి టానిక్ పడుతున్నానా అని నవ్వి, ఆయన సీసా వంచి కంటికొలతనే పోశాడు.

మర్నాడు వేలు పెట్టి చూస్తే, అడుగున, పడవ ముక్కు దగ్గర జానెడు మేర బంకబంకగా తగిలింది. గీకిపారేసి మళ్లీ వేయాలని తెలుసు. ఇంతలో వంటింట్లోంచి భార్య అడుగుల చప్పుడు వినిపించింది. గబగబా ఇంకో గుడ్డముక్క పరిచి, రెజిన్ పూసి కప్పేశాడు. వారం తిరిగేసరికి దానిమీద నీలం రంగు కూడా పడింది.

అప్పట్నుంచీ తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. పొద్దున్నే లేచి వేలి కణుపుతో పడవ అడుగు తట్టేవాడు. అంతటా టక్కుమనేది, అక్కడ మాత్రం తడిగోడలా మూగగా ఉండేది. భార్యకు ఈత రాదు. మొదట ఎక్కేది తానేనని, ముందు కూర్చునే పలక తనదేనని ఇరుగుపొరుగుకు చెప్పేసింది కూడా. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే మనిషే పోతుంది.

ఆదివారం బావమరిది పడవను చెరువుకు చేర్చడానికి ట్రాలీ తెచ్చాడు. తలుపులు చేసే చెయ్యి కదా, నీళ్లు తలుపు తట్టి లోపలికొస్తాయేమో బావా అని వేళాకోళమాడాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి తిన్నగా ఆ ముక్కు దగ్గరికే పోయింది. అప్పటికే భార్య చెప్పులేసుకుని నిలబడింది.

"ఆగు," అన్నాడు. ఉలి తీసి ఆ చోట పొడిచాడు. పైపొర గుడ్డలా లేచొచ్చింది. కింద రెజిన్ ఇంకా ఉలికి తీగలా సాగుతోంది. బావమరిది నవ్వు ఆగిపోయింది.

ఆమె ఆశ్చర్యపోలేదు. "రోజూ ఆ ఒక్కచోటే తడుతుంటే నాకు తెలీదా?"

"తెలిసీ ఎక్కేదానివా?"

"మీరు ఎక్కమంటే ఎక్కేదాన్ని," అంది. "అంటారో లేదో తెలియాలిగా."

ఆయన ఉలి కింద పెట్టి, సిరంజి ఎక్కడ పెట్టావని అడిగాడు.