గుంట మీద చాప

నగరి పక్కన ఆ చేనేత వీధిలో పద్నాలుగు ఇళ్లు, ఇంటికొక గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు వదిలి కూర్చుని, కింద చెక్కలు తొక్కుతూ పైన నూలు పోగును అటూ ఇటూ లాగే నాడె విసరాలి. కార్తీకం వానలు పట్టుకుంటే ఆ గుంటల్లో నీళ్లూరుతాయి. మోకాళ్ల దాకా చలి, చేతుల్లో పొడి నూలు. వీధి అలాగే నేసేది.

భారతమ్మ మామ కోదండం నలభై ఏళ్లు ఆ నీళ్లలోనే నేశాడు. డెబ్భై ఏడో సంవత్సరం వానల్లో కాళ్లు పుళ్లుపడి మంచమెక్కాడు, లేచినా కర్ర ఊతతోనే. ఆయన గుంటలోకి ఆమె మొగుడు గోవిందు దిగాడు. రాత్రిళ్లు అతని పాదాలు తుడుస్తుంటే నానిన వేళ్లు తెల్లగా, ఎవరివో అన్నట్టుండేవి. వచ్చే ఏటి వానలకు ఆ కాళ్లు తడవకూడదు. భారతమ్మకు కావలసింది అంతే.

ఎత్తు అరుగు మీద అందరికీ కలిపి షెడ్డు కట్టుకుంటే సర్కారు గ్రాంటు ఇస్తుందని, అది తిరిగి కట్టే అప్పు కాదని సంఘం గుమాస్తా పెంచలయ్య చిత్తూరులో విని వచ్చాడు. వీధిలో ఎనిమిదో తరగతి చదివింది భారతమ్మ ఒక్కతే. అర్జీ ఆమే రాసింది. రెండు పేజీల నిండా దండాలు, చేనేత గొప్పతనం, దొరగారి దయ.

చూసి పోవడానికి ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. ఇంటికొచ్చిన మనిషికి చిరుగు చూపించకూడదనేది ఆ వీధి మర్యాద. తెల్లవారకముందే కడవలతో నీళ్లు తోడేశారు. గుంటల మీద పలకలేసి కొత్త చాపలు పరిచారు. దండెం మీద మంచి చీరలు వేలాడదీశారు. ఆఫీసరు కాఫీ తాగి, చీరల అంచులు మెచ్చుకుని వెళ్లిపోయాడు.

మూడు వారాలకు కాగితం వచ్చింది. మగ్గాలు మంచి స్థితిలో ఉన్నాయి, షెడ్డు అవసరం కనిపించలేదు, కావాలంటే మళ్లీ అర్జీ పెట్టుకోవచ్చు.

కోదండం విని నవ్వాడు. "మనం సూపించిందే రాసినాడు గదా పాపా. ఆయన తప్పేముండాది?"

"అయితే ఈసారి గుంట సూపిస్తా మామా."

"వీధి పరువు తీస్తావా?"

భారతమ్మ ఆయన్నే తిరిగి అడిగింది. "చీర నేయించుకునేదానికి వచ్చినాయన మిమ్మల్ని ఏమడుగుతాడు మామా?"

"ఎన్ని మూరలు, ఏ నూలు, ఎన్నాళ్లకిస్తావు అంటాడు."

"మీ కష్టాలడగడా?"

"అవెందుకు ఆయనకి? చీర సరిగ్గా వస్తాదా రాదా, అదీ ఆయనకి కావాల్సింది."

ఆమె లేచి వెదురు పుల్ల తీసుకుని గుంటలోకి దించింది. తడి ఎంతవరకు పాకిందో అక్కడ గీత గీసింది. ఇంటింటికీ పోయి పద్నాలుగు గుంటలు కొలిచింది. ఏ ఇంట్లో ఎన్ని దినాలు మగ్గం ఆగిందో ఆడవాళ్లను అడిగి రాసుకుంది.

రెండో అర్జీ ఒకటే పేజీ. నీళ్లెంత లోతు, ఎన్నాళ్లు నిలిచాయి, ఎన్ని చీరలు తగ్గాయి. అరుగు మూడడుగుల ఎత్తు. స్థలం కోదండం పెరడు. కూలి ఇంటికొక మనిషి. గోడలకూ కప్పుకూ ఎంతవుతుందో మేస్త్రీ వేసిన లెక్క. కట్టాక కప్పు కారితే బాగుచేసుకునేది వీధివాళ్లే.

పెంచలయ్య చదివి తల గోక్కున్నాడు. "దొరగారూ అనే మాటే లేదే మా. ఇంత పొగరుగా రాస్తే యాడిస్తారు?"

"పొగరు కాదన్నా, కొలత. ఆయన డబ్బుకు మనం ఏం నేసిస్తామో చెప్తా ఉండాము."

వానలు ఆగకముందే ఆఫీసరు మళ్లీ వచ్చాడు. వీధి మొత్తం కోదండం వాకిట్లో నిలబడింది. ఎవరో అలవాటుగా గుంట మీద చాప పరిచేసి ఉన్నారు. భారతమ్మ కదిలేలోపే కోదండం కర్ర ఊతతో వచ్చి, వంగి, తన చేత్తో ఆ చాప చుట్టేశాడు.

ఆఫీసరు బూట్లు విప్పాడు. ప్యాంటు మడిచి గుంటలోకి కాళ్లు దించాడు.

"ఎన్నాళ్లుగా ఇట్ల?"

కోదండం పంచె మోకాళ్ల దాకా ఎత్తాడు. "నలభై ఏండ్లు సార్." పరాయి మనిషికి ఆయన ఆ కాళ్లు చూపించడం అదే మొదలు.

మరుసటి కార్తీకానికి షెడ్డు లేచింది. కప్పు మీద వాన మోగుతుంటే కింద పద్నాలుగు నాడెలు దానికి బదులు చెప్పేవి. గోవిందు పాదాలకు దుమ్ము అంటింది. వానాకాలంలో దుమ్ము. భారతమ్మ దాన్ని తుడవకుండా చాలాసేపు చూసింది.

తర్వాత కార్వేటినగరం వైపు నుంచి కూడా అర్జీలు రాయించుకోవడానికి వచ్చేవారు. కష్టాలు చెప్పబోతే ఆమె వెదురు పుల్ల చేతికిచ్చేది. "కొలిచి రాండి. రాస్తా."

వాళ్లను కోదండం ఊరికే పోనిచ్చేవాడు కాదు. పూడ్చనివ్వకుండా ఉంచిన తన పాత గుంట దగ్గరికి పిలుచుకుపోయి, మూత లేని ఆ నీళ్లను కర్రతో చూపించేవాడు.

"సూడప్పా. ఈ నీళ్లనే మా కోడలు కాగితం మీదికెక్కించినాది."