గేటు బయట తినిపిచ్చిన ఆదివారాలు

రాయి బిడ్డా, నానమ్మ కోపంల ఉన్నదని ఆపకు, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. పొద్దున మీ నాయిన చాయ్ తాగుకుంట, నీ పదో తరగతి అయిపోయింది గదా, ఇగ హాస్టల్ కాలేజీల ఏస్త, సోమవారం పోయి సంతకం పెట్టొస్త అని గంత అల్కగ చెప్పిండు. వద్దురా అంటే, "నేను ఉండలేదానే అమ్మా? నాకేమైంది?" అని నన్నే అడిగిండు. ఏమైందో చెప్తా, రాసుకో.

నా ఈడు తల్లులకు ఎరుకే, పిల్లలను అన్ని వయసులల్ల ఒక్క తీరుగ పెంచరాదు. మీ నాయినను నెలల పిల్లగాడప్పుడు కాళ్ల మీద పండవెట్టుకొని, గుక్కపట్టి ఏడుస్తున్నా నవ్వుకుంట నూనె రాసి నీళ్లు పోసిన. ఐదేండ్లప్పుడు బడి దాకా నా కొంగు ఇడవకపోతుండె, పదేండ్లకు దోస్తులు సూస్తరని నన్ను పది అడుగులు ఎన్క నడువుమంటుండె. గప్పుడు ఈ పుప్పాలగూడల ఇన్ని బిల్డింగులు యాడివి, రాళ్లు, పొలాలే, వాడు ముంగట ఉరుకుతుంటె ఎంత దూరమైనా కనవడుతుండె. గవన్నీ నాకు ఎవ్వరు నేర్పలే, నాకే వచ్చినయి. పదిహేనేండ్లు రాంగనే ఏం చెయ్యాల్నో తెల్వక వాన్ని ఇంకొకల్ల చేతుల పెట్టిన. హైటెక్ సిటీ అప్పుడప్పుడే లేస్తుండె, అందరి పిల్లలు ఇంజనీర్లయితున్నరు, మనోడు ఎన్కవడొద్దని మీ తాత, నేను మురుసుకుంట పోయి హాస్టల్ల దించొచ్చినం.

ఆదివారం వస్తే టిఫిన్ గిన్నెల కోడికూర పట్టుకొని పోతుంటి. లోపలికి రానియ్యరు, గేటు బయట పేపర్లు పరుసుకొని తల్లులందరం తినిపిచ్చేది. మొదటి నెల, "తోలుకపోవే అమ్మా, ఈడ ఉండలేను" అని నా చెయ్యి పట్టుకొని ఏడ్సిండు. ఏడుపుకు కరిగితే పోరడు చెడిపోతడని వార్డెన్ సారు ముందే చెప్పిండు, సదువుకున్నోడు గదా, నాకంటె తెలిసినోడనుకున్న. చెయ్యి ఇడిపిచ్చుకున్న బిడ్డా. పైగ, "సిగ్గు లేదురా, మిగతా పిల్లలు ఉంటలేరా?" అని తిట్టిన. మూడో నెలకు ఏడుపు బందయింది. అలవాటైండని సంబురపడ్డ.

రెండేండ్లకు ఇంటికొచ్చి, అన్నం తినుకుంట సగంల ఆగి, నీళ్లు తాగొచ్చా అని నన్ను అడిగిండు. వాని ఇంట్ల, వాని పక్కకే ఉన్న చెంబుల నీళ్లకు! ఎంత బుద్ధిమంతుడైండో సూడుండ్రి అని వాడకట్టంత చెప్పుకొని తిరిగిన నేను. గాడ కొట్టాలె నన్ను చెప్పు తీసుకొని.

ఇప్పుడు గచ్చిబౌలిల పెద్ద నౌకరి, పదకొండో అంతస్తుల ఇల్లు, ఏం తక్కువ లేదు. నిరుడు ఛాతిల నొప్పి లేస్తే మూడు దినాలు దవాఖానల ఒక్కడే ఉండి, ఆఫీసు పని మీద బెంగుళూరు పోయిన అని ఇంట్ల చెప్పిండు. బిల్లు కాగితం మీ అమ్మ చేతికి దొరికితే గని మాకు తెల్వలే. గదీ వానికైంది. నొప్పి పుడితే ఎవరికన్న చెప్పుకోవచ్చని వానికి తోచనే తోచదు. తోచకుంట చేసింది నేను.

గప్పుడు మన ఇంట్ల నా మాట నడుస్తుండె, ఒక్కపారి నోరిప్పుంటే కొడుకును ఇంటికి తెచ్చుకుందును. ఇప్పుడు అన్నీ సమజైనంక, నేను మాట్లాడుతుంటె ఒకరు ఫోన్ సూస్తరు, ఒకరు లేచి పోతరు. అయినా ఈసారి ఊకోను. పో బిడ్డా, మీ నాయిన ముంగట కూసొని ఇదంత సదువు. మధ్యల లేస్తే, తలుపు కాడ నేనుంటా.