వేపమండలు కట్టిన ఇల్లు

మా చెల్లికి ఐదో ఏట ఆటలమ్మ పోసింది. డెబ్భైల మొదట్లో సంగతి. పటమటలో ఉండేవాళ్లం. అమ్మ వెంటనే గుమ్మానికి వేపమండలు కట్టింది. అవి చూస్తే ఇరుగుపొరుగు మా గడప తొక్కరు, మేమూ ఎవరింటికీ వెళ్లం. నీళ్లు పోసేదాకా పిల్ల పైవాళ్ల కంట పడకూడదని అమ్మ పట్టు.

ఆ ఏడు ఊళ్లో మశూచి భయం. వేపమండలు కనిపించిన ప్రతి ఇంటినీ మునిసిపాలిటీ వాళ్లు తనిఖీ చేస్తున్నారు. మూడో రోజు పొద్దున శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. నాన్నగారు ఆఫీసుకు వెళ్లిపోయారు. అమ్మ గడియ పెట్టి లోపలినుంచే మాట్లాడింది.

"ఆటలమ్మేనండీ. నీళ్లు పోశాక వచ్చి చూసుకోండి."

"చూడకుండా ఎట్లా నమ్మమంటారమ్మా? దాస్తున్నారంటే మశూచే అనుకోవాలి. తియ్యకపోతే తలుపు పగలగొట్టే అధికారం మాకుంది."

"నా బిడ్డని చూపించాలో వద్దో చెప్పాల్సింది నేనా, మీరా?"

"ఇప్పుడైతే మేమేనమ్మా."

ఆ మాట అతను కోపంగా కూడా అనలేదు. అందుకే నాకు ఒళ్లు మండిపోయింది.

నాకప్పుడు పధ్నాలుగేళ్లు. రెండు జబ్బులకీ తేడా బళ్లో చదువుకున్నాను. ఒక్కసారి చూస్తే వాళ్లకే తెలుస్తుంది, పోతారు అనుకున్నాను. అమ్మ లోపలి గదిలోకి వెళ్లగానే గడియ తీశాను.

ఇన్‌స్పెక్టరు దుప్పటి తొలగించి చూసి, "అనుమానంగా ఉంది" అన్నాడు. డాక్టరు తేల్చేదాకా పిల్లను ఊరి బయట షెడ్డులో ఉంచాలట. తల్లి కూడా వెంట రాకూడదట. అమ్మ అతని కాళ్లు పట్టుకుంది. రూల్సు ఒప్పుకోవన్నాడు. చెల్లి నా లంగా పట్టుకుని వదల్లేదు. కానిస్టేబులు దాని వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు.

మశూచిని ఆపాల్సిందే, నేను కాదనను. కానీ ఐదేళ్ల పిల్ల పక్కన తల్లి కూర్చుంటే ఏం కొంప మునిగేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

నాన్నగారు రోజూ షెడ్డు గేటు దాకా వెళ్లి, పిల్ల బాగానే ఉందట అన్న మాట తెచ్చేవారు. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. తొమ్మిదో రోజున ఆటలమ్మేనని తేల్చి పంపించారు.

అమ్మ ఎత్తుకోబోతే చెల్లి వెనక్కి జరిగింది.

"నన్ను వాళ్లకెందుకిచ్చేశావు?"

"నేనివ్వలేదమ్మా, వాళ్లే తీసుకుపోయారు" అంది అమ్మ.

చెల్లి నమ్మలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ కోపం అమ్మ మీదే పెట్టుకుంది. అమ్మ ఒక్కనాడూ నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.