పైడమ్మ ఇంటిమీద స్టేషన్

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది నన్ను డిప్యుటేషన్ మీద మెట్రో విభాగానికి పంపారు. హోదా డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. గాజువాక దాటి ఉక్కునగరం వెళ్లే దారిలో రావలసిన ఒక ఎలివేటెడ్ స్టేషన్ నా బాధ్యత. రైలు లేదు, పట్టాలు లేవు, ఒక్క స్తంభమూ లేదు. స్టేషన్ మాత్రం మా ఆఫీసు హాల్లో, గాజుపెట్టెలో, బొమ్మ ప్రయాణికులతో సహా ఉండేది. దానికి రిబ్బను కూడా కత్తిరించారు.

అలాంటి స్టేషన్ రోడ్డు మధ్య స్తంభాల మీద నిలుస్తుంది. మెట్లు, లిఫ్టు మాత్రం పక్కన ఎవరి స్థలంలోనో దిగాలి. మొదట వచ్చిన కన్సల్టెంట్లు వాటిని ఒక కల్యాణమండపం ఆవరణలో దింపారు. మండపం యజమానికి పైన పరిచయాలుండేవి. నెల తిరక్కుండా సాంకేతిక కారణాలు పుట్టుకొచ్చి, మెట్లు రోడ్డు దాటి పైడమ్మ ఇంటిమీద వాలాయి.

పైడమ్మ ఇంటిముందు టిఫిన్ బండి నడిపేది. భర్త స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. రేకుల ఇల్లు. లోపల పక్షవాతంతో మంచం పట్టిన అత్త. వానపడితే ఆ మంచాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు జరుపుతూ ఉండాలి. రేకులు తీసి శ్లాబు వేసుకుంటామని ప్లాను పెట్టుకున్నారు. ఇల్లు అలైన్‌మెంటులో, అంటే రైలుదారికి గుర్తించిన హద్దులో ఉందని మేం అనుమతి ఆపాం. పోనీ స్థలం తీసుకుని పరిహారం ఇద్దామంటే ప్రాజెక్టే మంజూరు కాలేదు.

ఆమె ఆఫీసుకొచ్చి నా బల్లముందు నిలబడింది.

“మమ్మల్ని కట్టుకోనివ్వరు. మీరు టేసను కట్టరు. మరా జాగాలో ఏటి జరుగుతన్నట్టు బాబూ?”

“పరిశీలనలో ఉందమ్మా.”

“మా అత్త తడిసిపోతన్నాది. అది కూడా పరిశీలించండి.”

మినహాయింపు ఇవ్వాలని సిఫార్సు రాసి పంపాను. మా పై అధికారి, సూపరింటెండింగ్ ఇంజనీరు, ‘ప్రజాప్రయోజనం దృష్ట్యా కుదరదు’ అని తిప్పి పంపారు. ఆ ప్రజల్లో పైడమ్మ అత్త లేదు కాబోలు.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. ఆఫీసు మొత్తం ఎన్నికల డ్యూటీకి పోయింది. మేం తిరిగొచ్చేసరికి శ్లాబు పడింది. ఆ స్థలంలో మెట్లు కూడా వచ్చాయి, పైడమ్మ డాబావి. కూల్చివేత నోటీసు ఇచ్చిరమ్మని పెద్దాయన, అదే మా సూపరింటెండింగ్ ఇంజనీరు, నన్ను పంపారు.

వెళ్లేసరికి శ్లాబు మీద కొత్త కన్సల్టెంట్ల మనుషులు సర్వే యంత్రం నిలబెట్టుకుని ఉన్నారు. ప్రభుత్వం మారడంతో సర్వే మళ్లీ మొదటికొచ్చింది. రోడ్డు రెండువైపులా బాగా కనబడే డాబా అదేనట. పైడమ్మ వాళ్లకు ఉప్మా పంపిస్తోంది. కాసేపటికి తనిఖీకని పెద్దాయనే వచ్చి పైకెక్కారు. మంచి చోటు పట్టారని వాళ్లను మెచ్చుకున్నారు. నోటీసు ఇవ్వవలసింది ఈ ఇంటికేనని నేను నెమ్మదిగా చెప్పాను. ఆయన యంత్రం వైపు చూసి, సర్వే అయ్యేదాకా ఆగమన్నారు.

పైడమ్మ టీ తెచ్చింది. ఆ మాట ఆమె చెవినబడింది.

“తాగండి బాబూ. సర్వే నెమ్మదిగా సేసుకోండి. తొందరేటీ నేదు.”

నోటీసు నా జేబులోనే ఉండిపోయింది. కింద ముసలామె మంచం గది నడిమధ్యన ఉంది.

స్టేషన్ ఆ తర్వాత కూడా కాగితం మీద చోటు మారుతూనే ఉంది. నేను రిటైరయ్యాను, అది ఇంకా రాలేదు. ఆ విభాగంలో నేను నేర్చుకున్నది ఒక్కటే. కట్టమనే ఉత్తర్వుకు గడువు లేకపోయినా లోకం నడుస్తుంది, ఆపమనే ఉత్తర్వుకు మాత్రం గడువు ఉండి తీరాలి. తర్వాతి పోస్టింగుల్లో నా చేతిమీదుగా వెళ్లిన ప్రతి నిలుపుదల నోటీసులోనూ గడువు తేదీ రాసేవాణ్ని. పైన దాన్ని కొట్టేసి సంతకం పెట్టేవారు.