పాట లేకుండా మలుపు తిరిగిన కారు

మే నెల ఎండలో నిలబెట్టిన కారు తలుపు తీస్తే, లోపల కాగిన ప్లాస్టిక్ వాసన ముఖాన కొడుతుంది. అందరికీ అది చిరాకు వాసన, నాకు మాత్రం భయం వాసన. మా నాయన బాడుగ కారులో, సిగరెట్ లైటరు గుంతలో గుచ్చిన పాటల పుల్ల వేడెక్కితే అచ్చం ఇదే వాసన వచ్చేది.

పాటల పుల్ల అన్నది మేం పెట్టుకున్న పేరే. బొటనవేలంత నల్ల గొట్టం, దాని వీపున పెన్‌డ్రైవ్ పట్టే సందు, ఎర్రగా వెలిగే అంకెలు. మా అమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో వంటపనికి చేరిన కొత్తలో, సెలవు మీద వస్తున్న ఒకామె చేతికిచ్చి పంపింది. కారు రేడియోను ఆ అంకెల మీద పెడితే చాలు, పెన్‌డ్రైవ్‌లోని పాటలన్నీ రేడియోలోంచి వచ్చేవి. ప్రొద్దుటూరులో మా సందులో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండేవాళ్లు కాబట్టి అలాంటి పుల్లలకు కొదవలేదు గానీ, మాది అమ్మ పంపింది కనుక నాకు అదే గొప్ప. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక నాయన మమ్మల్ని ఎక్కించుకుని పెన్నా ఇసుక దాకా పోతుంటే, మా నాయనమ్మ, అదే జేజి, ఒడిలో బొరుగుల ఉగ్గాని పొట్లం, చీర మీద బజ్జీల నూనె మరక, కిటికీలోంచి ముఖం కాల్చే వడగాలి, వీటన్నిటి మీదా పాట. మధ్యలో గరగరమంటే నాయన పుల్ల నెత్తిన రెండు మొట్టికాయలు వేసేవాడు. దెబ్బకు దయ్యం వదిలినట్టు మళ్లీ పాడేది.

దానికొక పాడు గుణం కూడా ఉండేది. మన పాట పక్కనున్న కారు రేడియోలోకీ దూరేది. ఒకసారి పులివెందుల బస్టాండు ముందర నాయన కారు ఆగిన చోటే, గల్ఫ్ నుంచి శవాన్ని పెట్టెలో తెస్తున్న వ్యాను వచ్చి ఆగింది. దాని డ్రైవరు నిద్ర రాకుండా సన్నగా పెట్టుకున్న రేడియోలో వార్తలు పోయి, మా నాయన పెట్టుకున్న పెళ్లి డాన్సు పాట మోగింది. పెట్టె పక్కన కూర్చున్నవాళ్లు ఏడుపు మాని చూశారట. ఆ రోజు నాయన ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. తర్వాత బాడుగ కార్ల డ్రైవర్లంతా కూడి ఒక కట్టడి పెట్టుకున్నారు. పెట్టె కోసం పోయినా, పెట్టె వెంట వచ్చినా పుల్ల పీకేయాలి. బండి కడిగిందాకా మళ్లీ గుచ్చకూడదు.

పెద్దవాళ్లకు అది మర్యాద. నాకు మాత్రం చావు కబురు అయింది. మా వెనకింటి నసీమాకు, గల్ఫ్‌లో ఉన్న మీ నాయన పండక్కి వస్తాడని అందరూ చెప్పారు. పిచ్చిది, చేతులనిండా గోరింటాకు పెట్టుకుని కూర్చుంది. రోజూ పాటతో సందు మలుపు తిరిగే మా కారు ఆ రోజు చప్పుడు లేకుండా తిరిగింది, వెనకే వ్యానులో వాళ్ల నాయన పెట్టె. అప్పటినుంచి నేను పెద్దల మాట నమ్మడం మానేశాను. పాట వస్తే మనిషి ఉన్నట్టు, రాకపోతే లేనట్టు.

ఆ మరుసటి ఎండాకాలం అమ్మ ఫోన్లు ఆగిపోయాయి. వారాలు నెలలయ్యాయి. జేజి తస్బీ పూసలు తిప్పుతూ తిప్పుతూ కునికిపాట్లు పడేది, నాయన ఫోను జేబులో కాక చేతిలోనే పట్టుకుని తిరిగేవాడు. నేను అచ్చనగాయలు ఆడుతున్నా చెవి మాత్రం సందు మలుపు మీదే ఉండేది. చివరికి ఎవరో తెలియని మనిషి ఫోను చేశాడు. నాయన పెరట్లోకి పోయి చాలాసేపు మాట్లాడి వచ్చి, “మీ యమ్మ వస్తాంది. మద్రాసు పోయి తోడుకోనొస్తా” అన్నాడు. జేజి నవ్వింది. నసీమాకు చెప్పినప్పుడూ ఇలాగే నవ్వింది కదా అనుకున్నాను. కారు తలుపు పట్టుకుని వదల్లేదు.

“సందు మొగదల నుంచే పాట పెట్టుకోని రా నాయనా.”

సరేలేమ్మే అని నా తల నిమిరి పోయాడు.

మరునాడు జేజి పొద్దున్నే పాలు కాచి, నెయ్యిలో సేమియా వేయించింది. ఇల్లంతా కమ్మటి వాసన. మధ్యాహ్నం బండలు కాళ్లు కాలుస్తుంటే, అరుగు మీద నిలబడి చూశాను. కారు మలుపు తిరిగింది. పాట లేదు. ఇంజను చప్పుడు, టైర్ల కింద కంకర చప్పుడు, అంతే.

వెనక ఏ వ్యాను ఉందో చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. పెరట్లోకి పరిగెత్తి నీళ్లతొట్టి వెనక దూరి, రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాను. జేజి ఏడుపు నా చెవిన పడనంతసేపూ అమ్మ చావనట్టే అనిపించింది. గౌను తడిసిపోయింది, అది తొట్టి నీళ్లు కాదు. అంత భయం మళ్లీ ఎప్పుడూ పడలేదు.

ఎవరో నా వేళ్లను చెవుల్లోంచి మెల్లగా తీశారు. ఏదో తెలియని సబ్బు వాసన.

“ఎవురికి దాంకున్యావు? నేనేమ్మే, మీ యమ్మను.”

నేను వాటేసుకోలేదు, రెండు చేతులా కొట్టాను. పాట ఎందుకు పెట్టలేదని కొట్టాను. అమ్మ కొట్టించుకుంది. తర్వాత నన్ను ఒడిలోకి లాక్కుని చెప్పింది. “జమ్మలమడుగులో ఒకామెను వాళ్లింట్లో దింపి వస్తాండాం. నాతోనే పన్జేస్తాండె. పెట్టెలో వచ్చింది. బండి కడగందే పాట ఎట్ల పెట్టేది?” యజమానురాలు ఇద్దరి ఫోన్లూ లాక్కుందనీ, పెట్టెలో వచ్చినామె జ్వరంతో పడినప్పుడు అమ్మే గంజి తాగించిందనీ తర్వాత తెలిసింది. ఆ పూట మాత్రం ఇంకొక్క మాట అంది, ఆమెకూ నీ ఈడు కూతురుందని.

అమ్మ వచ్చిందని సంతోషపడబోయి ఆగిపోయాను. జమ్మలమడుగులో ఆ పిల్లకు ఏమని చెప్పారో, మా కారే చప్పుడు లేకుండా వాళ్ల సందు తిరిగినప్పుడు అది ఎక్కడ నిలబడి ఉందో. గిన్నెలో సేమియా చల్లారి గడ్డకట్టింది. నాయన కారు కడిగాక కూడా చాన్నాళ్లు ఆ పుల్ల ఇంట్లో గోడ గూట్లోనే ఉంది.

ఇప్పుడు పుల్ల లేదు, అది పట్టే గుంత కూడా లేదు. ఫోను జేబులో ఉంటే చాలు, పాట తనంతట తనే కారులోకి వస్తుంది. ఒకరి పాట ఇంకొకరి బండిలోకి దూరదు. నాయన కారు ఎప్పుడో అమ్మేశాడు, డ్రైవర్ల కట్టడి తెలిసినవాళ్లు కూడా తక్కువే. మొన్న అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని పులివెందుల పోతున్నాను. ఊరు దాటాక సిగ్నల్ పోయి, పాట సగంలో తెగింది. స్టీరింగు పట్టుకునే, రోడ్డు వదిలేసి పక్క సీటు వైపు చూశాను.

అమ్మ కిటికీలోంచి చూపు తిప్పలేదు. “యాడికీ పోలేదు లేమ్మే, దావ చూసుకోని తోలు” అంది.