దినాల కార్డు మీద ఎర్రగీతలు

2022 ఎండాకాలం. మహబూబాబాద్‌లో నేను డీటీపీ సెంటర్ పెట్టి అప్పటికి చాలా ఏళ్లయింది. పెళ్లి పత్రికలు, పోయినవాళ్ల దినాల కార్డులు, ఫ్లెక్సీలు మా పని. అచ్చువేయాల్సిన రాతను మేం మ్యాటర్ అంటాం. అచ్చుకు ముందు చూసుకోమని పంపే నమూనా ప్రూఫ్. ఒకప్పుడు ప్రూఫ్ చూడటానికి షాపుకొచ్చి బెంచీ మీద కూర్చునేవారు. ఇప్పుడు ఇంటివాళ్లు వాట్సాప్ గ్రూపు పెట్టి, అందులో నన్నూ చేరుస్తున్నారు. అంతమంది చుట్టాల మధ్య నేనొక్కడినే ఎవరికీ ఏమీ కాను.

నాకో జబ్బుంది. తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ని కదా, తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేను. కాలేజీలో మా ఊరు చిల్పూరు యాస విని క్లాసంతా నవ్వింది. ఇక రాతలో నన్నెవరూ వేలెత్తి చూపకూడదని ఆనాడే పంతం పట్టాను. ఆ పంతాన్ని షాపుకొచ్చిన వాళ్ల మీద కూడా రుద్దాను.

గార్ల నుంచి రజిత అనే ఆమె వాళ్ల నాన్న దినాల కోసం గ్రూపులో మ్యాటర్ పెట్టింది. బట్టలు కుట్టుకునే మనిషి, ఏడో తరగతితో బడి మానేసింది. ఇదీ ఆమె రాసింది: “మా బాపు కొమురయ్య పోయిండు. ఎడ్లను సుత ఒక్క దెబ్బ కొట్టనోడు. ఎవలొచ్చినా తిని పొమ్మనేటోడు. ఆయన దినాలకు అందరు రండ్రి.”

దాని మీద ఎర్రగీతలు కొట్టాను. పక్కన నా వాక్యం పెట్టాను: “మా పూజ్య పితృదేవులు శ్రీ కొమురయ్య గారు శివైక్యం చెందినందున, దశదిన కర్మకు తాము విచ్చేయ ప్రార్థన.” రెండూ కలిపి ఫొటో చేసి గ్రూపులోనే పెట్టాను. కింద, “ఇంటి మాటలు అచ్చులో పనికిరావు, నలుగురిలో నవ్వులపాలవుతారు” అని రాశాను. ఆమెకు విడిగా పంపి ఉండొచ్చు. ఆ ఆలోచనే రాలేదు. పదిమందికీ నా తెలుగు కనబడాలని ఉండిందేమో, ఇప్పుడు ఒప్పుకోవాలి.

బాగుందంటూ బొటనవేలి బొమ్మలు వరసగా వచ్చాయి. ఆమె మేనబావ ఒకడు నవ్వే బొమ్మ పెట్టి, “మా రజిత రాతంతే సార్, ఏమనుకోకుండ్రి” అన్నాడు. రజిత ఒక్కమాట రాసింది: “మీ ఇష్టం సార్.” ఆ సాయంత్రమే తను పెట్టిన మ్యాటర్‌ను గ్రూపులోంచి తీసేసింది.

మరునాడు కార్డుల కోసం ఆమే వచ్చింది. ఒకటి తీసి మెల్లగా చదువుకుంది.

“అచ్చులో గిట్లనే ఉండాల్నా సార్?”

“అందరికీ ఇట్లనే వేస్తం అమ్మా.”

“పొద్దున గా ఫొటోల మీరు రాసింది మా అవ్వకు చదివి ఇనిపిచ్చిన. గిది ఎవల కార్డు బిడ్డా అని అడిగింది.”

“మీ అమ్మ పెద్దామె కదా, అర్థం కాలేదేమో” అన్నాను.

“మా బాపు గురించి నేను రాసింది గదొక్కటే సార్” అని కట్ట సంచిలో పెట్టుకుంది. ఆమె గొంతులో కోపం లేదు. మళ్లీ కంపోజ్ చేసి వేయడం గంట పని. “జర కూసోండ్రి, మారుస్తా” అంటే అయిపోయేది. అనలేదు. ఆమె మెట్లు దిగి గార్ల బస్సు కోసం వెళ్లిపోయింది.

మా ఇంట్లో నేనూ మా నాన్నను బాపు అనే పిలిచాను. ఆ సంగతి ఆ పూట గుర్తుకొచ్చి, అన్నం తినబుద్ధి కాలేదు.

ఇప్పుడు మ్యాటర్ ఎలా వస్తే అలాగే కంపోజ్ చేస్తాను. అనుమానమొస్తే వాళ్లకే ఫోన్ చేసి అడుగుతాను. ఎవరి ఇంటి మాట వాళ్లకు తెలుసునని ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆ పాఠానికి రజిత బలైంది. ఒకసారి ఆమె నంబరుకు ఫోన్ చేస్తే వేరెవరో ఎత్తారు. ఆ కార్డు మళ్లీ వేసిద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను, కానీ దినాలు మళ్లీ రావు. ఆమె తన బాపు గురించి రాసిన ఆ నాలుగు మాటలూ ఇప్పుడు నా ఫోన్‌లో ఆ ఫొటో ఒక్కచోటే ఉన్నాయి, నేను కొట్టిన ఎర్రగీతల కింద.