బావ గొంతు కోసం ఫిల్మ్ నగర్ దాకా

మోతీనగర్ నుంచి ఫిల్మ్ నగర్‌కి కారు లేనివాళ్ల దారి ఇది: ఆటోలో ఎర్రగడ్డ, అక్కడ మెట్రో, అమీర్‌పేటలో మారి జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్, మళ్లీ ఆటో. తొమ్మిదికి బయల్దేరితే పదిన్నరకల్లా ఆసుపత్రి చేరి, పన్నెండు దాకా ఎదురుచూడొచ్చు.

మా అక్క భర్త సినిమాల్లో విలన్లకి డబ్బింగ్ చెబుతాడు. ఇంట్లో "జర చాయ్ పొయ్యి" అనే మనిషి మైకు ముందు కోస్తా జమీందారు. కొన్ని నెలలుగా గొంతు బొంగురుపోయింది. విలన్ గొంతు కదా, మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. పోయినవారం గొట్టం వేసి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ గొంతు ఉంటుందా, పోతుందా అన్నది ఇవాళ చెబుతారు.

మెట్రోలో నిలబడే వెళ్లాం. బావ ఫైలు తెరిచి 'లారింగోస్కోపీ' అన్న మాట చూపించాడు. నేను చదివింది బోటనీ. గ్రీకు, లాటిన్ పేర్ల చేతిలో తిన్న దెబ్బలు ఇంకా గుర్తే. మాట మొదట్లో అవయవం, తోకలో దానికి జరిగేది ఉంటుందని చెప్పాను. లారింగో అంటే స్వరపేటిక. స్కోపీ అంటే చూడటం, ఐటిస్ అంటే వాపు, ఎక్టమీ అంటే తీసెయ్యడం. బావ పెన్సిల్ తీసి, డైలాగు కాగితంలో ఊపిరి పీల్చే చోట గీసినట్టే, మాట మధ్యలో అడ్డగీత గీశాడు.

"తోక కాడ జర ఆగాలె బామ్మర్దీ. అసలు సంగతి గాడనే ఉన్నది."

ఈ వయసులో ఏం పరీక్ష రాస్తున్నారని పక్కనున్న పెద్దామె అడిగింది.

"రాసుడు అయిపోయిందమ్మా. ఇయ్యాల రిజల్టు," అన్నాడు బావ.

పెద్ద డాక్టరు మమ్మల్ని కూర్చోమని, పక్కనున్న చిన్న డాక్టరుతో పొడి అక్షరాల్లో మాట్లాడాడు. మాకు అర్థం కాకూడదనే అలా అంటున్నాడని కోపం వచ్చింది. సీఏ అన్నాడు. కార్సినోమాకి అది పొట్టి పేరని నాకు తెలుసు. తర్వాత టీఎల్ అన్నాడు.

"సార్, ఆ టీఎల్‌కి తోక ఏంది? స్కోపీయా, ఎక్టమీయా?" అని అడిగాడు బావ.

డాక్టరు పెన్ను పక్కన పెట్టాడు. "ఎక్టమీ," అన్నాడు మెల్లగా. "టోటల్ లారింజెక్టమీ."

టోటల్‌కి అర్థం చెప్పాల్సిన పని పడలేదు. గడ్డ బాగా పాకిందట. ప్రాణం దక్కాలంటే వచ్చేవారమే ఆపరేషన్. తర్వాత పరికరంతో మాట వస్తుంది గానీ, ఈ గొంతు రాదన్నాడు.

ఒక సినిమాలో చివరి రీలు మిగిలిందని, అది చెప్పొచ్చా అని బావ అడిగాడు. చెప్పండి గానీ అరవకండి అన్నాడు డాక్టరు.

"విలన్ అరవకుండ ఎట్ల సస్తడు సార్?"

డాక్టరు నవ్వబోయి ఆగిపోయాడు.

తిరుగు ప్రయాణంలో ఇద్దరికీ సీట్లు దొరికాయి. అమీర్‌పేట దాటగానే అక్క ఫోను. నేనే ఎత్తి, "టీఎల్ అంటున్నరక్కా," అన్నాను. పూర్తి పేరు పలకడానికి నోరు రానప్పుడు పొట్టి పేరు ఎంత ఆదుకుంటుందో అప్పుడు తెలిసింది. డాక్టరు మీద కోపం పోయింది.

బావ ఫోను తీసుకున్నాడు. "స్వరపేటిక తీసేస్తరట. నేనైతే ఉంటా," అన్నాడు.

ఫోను పెట్టెయ్యకుండా అక్కతో కబుర్లు మొదలుపెట్టాడు. కూర సంగతి, నల్లా నీళ్ల సంగతి, పెళ్లయిన కొత్తలో అక్క అలిగిన సంగతి. ఎర్రగడ్డ వచ్చింది. దిగుదామని నేను అనలేదు. ఆఖరి స్టేషన్ మియాపూర్ దాకా ఆయన చెబుతూనే ఉన్నాడు. టికెట్‌కి మించి వచ్చినందుకు అక్కడ అదనంగా కట్టించుకున్నారు. న్యాయమే.